ప్రెసిడెంటుగారి బందెలదొడ్డి

“ఎవరు తోలారురా దీన్ని?”

బందెలదొడ్డి తలుపు దగ్గర నిలబడి అడిగాడు సాంబశివరాజు. లోపల ఓ చూడిగేదె పడుకుని ఉంది. డొక్కలు ఎండిపోయి ఎముకలు బయటపడ్డాయి.

“చూళ్ళేదండి ప్రెసిడెంటుగారూ,” అన్నాడు పంచాయతీ కావలి చిట్టియ్య. “పొద్దున్నే వచ్చేసరికి లోపలుందండి, గడియ పెట్టుందండి. తమరి ఆకుమడి ఓ మూల మేసేసిందంటండి. తమరి పాలేళ్ళే తోలుంటారండి.”

“ఎవరిది?”

“సూరమ్మదండి.”

సాంబశివరాజు గొంతులో వెలక్కాయ పడింది.

ఊళ్ళో బందెలదొడ్డి మీద పెత్తనం ప్రెసిడెంటుది. పైరు మేసిన పశువును ఎవరైనా తోలుకొచ్చి అందులో పెట్టొచ్చు. జరిమానా కడితేగాని సొంతదారుకి వదలరు. అందాకా మేత, నీళ్ళు పంచాయతీ చూడాలి. తొంభై ఆరు తుఫానుకి సార్వా పంట నీళ్ళపాలైంది. ఇక రెండో పంటకి, దాళ్వాకి, నారు పోసిన ఆకుమళ్ళే ఊరికి దిక్కు. అందుకే మొన్న వీధివీధినా టముకు వేయించాడు. ఆకుమడిలో ఎవరి పశువు పడినా బందెలదొడ్డికే, మొహమాటాల్లేవని. అప్పుడాయన మనసులో ఉన్నవి మోతుబరుల పశువులు. తీరా దొరికింది, ఆ ఒక్క గేదె ఈనితే పాలమ్ముకుని బతుకుదామని చూస్తున్న సూరమ్మ గేదె! మేసింది కూడా ప్రెసిడెంటుగారి ఆకుమడేనాయె.

పైగా వారం కిందటే ఆవిడ ఇంటికొచ్చింది. వానకి తన గడ్డిమేటు కుళ్ళిపోయిందని, రెండు మోపులు ఇప్పించమని అడిగింది. ఒకరికిస్తే ఊరంతా గుమ్మంలో నిలబడుతుందని లేదు పొమ్మన్నాడు. అది కూడా ఇప్పుడే గుర్తుకు రావాలా?

ఇంతలో సూరమ్మ రానే వచ్చింది.

“నా గేదెని ఖైదు చేశారంట కదా బాబూ!”

“ఏం చెయ్యమంటావు సూరమ్మా? రూలు పెట్టాక నీకొకటీ నాకొకటీ ఉండదు కదా.”

“తమర్నేమీ అన్ను బాబూ. తప్పు గేదెదే. ఇంతకీ దానికి మేతేత్తారా, మాడ్చేత్తారా?”

“పంచాయతీ చూసుకుంటుంది.”

“పంచాయతీకి గడ్డెక్కడిది బాబూ?”

నిజమే. పంచాయతీకి ఓ బల్లా, రెండు కుర్చీలూ ఉన్నాయి గాని గడ్డిపోచ లేదు. సాంబశివరాజు తల దించుకున్నాడు.

“మా మేటు నుంచి పంపిస్తాను.”

“చూడిది బాబూ. ఒట్టి ఎండుగడ్డికి దూడ దక్కదు. కాత్త తవుడు కూడా...”

“అదీ పంపిస్తాను. నువ్వు బెంగపడకు.”

ఆ రోజు నుంచీ ఆయన బండి మీద గడ్డి, తవుడు, ఉలవలు దొడ్డికి వెళ్ళడం మొదలైంది. సూరమ్మ పొద్దున్నే వచ్చి గేదెను కడిగి, దాని పక్కనే కూర్చునేది. అటు వెళ్ళాలంటే సాంబశివరాజుకి ముఖం చెల్లేది కాదు. పంచాయతీ ఆఫీసుకి చెరువుగట్టు మీదుగా చుట్టుతిరిగి వెళ్ళేవాడు.

“అన్నం సయించడం లేదేంటండి?” అడిగింది భార్య సుబ్బాయమ్మ. “అంత బాధైతే పాలేళ్ళని పిలిచి గట్టిగా అడగరాదూ?”

“ఏమని అడగను? టముకు వేయించింది నేను. వాళ్ళు చెప్పినట్టు చేశారు. తప్పంతా నాదే.”

చివరికి ఉండబట్టలేక ఓ సాయంత్రం దొడ్డికి వెళ్ళాడు.

“సూరమ్మా, జరిమానా నేను కట్టేస్తాను. గేదెను తోలుకుపో.”

ఆవిడ ఉలిక్కిపడి లేచింది.

“వద్దు బాబూ! ప్రెసిడెంటుగారే టముకేయించి, ప్రెసిడెంటుగారే కట్టేశారని ఊరంతా నవ్వుద్ది. నా మూలాన తమకి మాటొత్తే నేను బతకలేను. నాలుగు కూలి డబ్బులు రానియ్యండి, నేనే కట్టుకుంటాను.”

సాంబశివరాజు కళ్ళు చెమర్చాయి. తనకంటే ఈవిడకే రూలు మీద గౌరవం ఎక్కువ అనుకున్నాడు. మర్నాడు ఇంకో రెండు మోపులు ఎక్కువ పంపాడు.

సంక్రాంతి నెల పట్టాక గేదె ఆ దొడ్డిలోనే ఈనింది. పెయ్యదూడ. తల్లి ఒళ్ళు నిగనిగలాడుతోంది. అప్పటికి కాలవగట్ల మీద పచ్చగడ్డి కూడా మొలిచింది. ఆ రోజే సాంబశివరాజు మెంబర్లందరినీ కూర్చోబెట్టి, జరిమానా మాఫీ చేస్తూ తీర్మానం చేయించాడు. ఎవరూ కాదనలేదు. వెళ్ళి తనే దొడ్డి తలుపు తీశాడు.

“నన్ను క్షమించు సూరమ్మా. నోరులేని జీవాన్నీ నిన్నూ ఉసురు పెట్టాను. ప్రెసిడెంటునయ్యానన్న గీర నాకు. నా పాలేళ్ళు తోలినా ఆ పాపం నాదే.”

సూరమ్మ దూడ పక్కన చతికిలబడి దాని మెడ నిమిరింది. తలెత్తి ఆయన్ని చూడలేకపోయింది.

“అంత మాటనకండి బాబూ. ఆ పాపం తమకంటదు,” అంది.

మర్నాడు మొదటి జున్నుపాలు ప్రెసిడెంటుగారింటికే వచ్చాయి. సుబ్బాయమ్మ బెల్లం వేసి జున్ను వండి పెట్టింది. ఇంత మంచి మనిషినా ఏడిపించానని సాంబశివరాజుకి ముక్క గొంతు దిగలేదు.

అవతల తన పాకలో సూరమ్మకీ అన్నం సయించలేదు.

ఆ గేదెను తోలి గడియ పెట్టింది ఆవిడే.