గడియార స్తంభం కట్టించిన రాజుగారు

మా కాలేజీలో ఒక టర్ము చదవడానికొచ్చిన విదేశీ అమ్మాయికి ఊరు చూపించే పని మా ముగ్గురి మీద పడింది. మాకు తెలిసినవల్లా బస్సు నంబర్లే. అందుకని మాలో వాగుడుకాయని ముందు నడవమన్నాం.

గడియార స్తంభం కింద వాడు గొంతు సవరించుకున్నాడు. "రాణీగారు రోజూ భోజనానికి ఆలస్యంగా వచ్చేవారు. రాజుగారు విసిగిపోయి దీన్ని కట్టించారు."

నవ్వు ఆపుకోడానికి మేమిద్దరం చెప్పుల వైపు చూసుకుంటూ నిలబడ్డాం. ఆ అమ్మాయి మాత్రం శ్రద్ధగా తలూపింది.

"నిరుడు మా అక్క కూడా మీ కాలేజీకే వచ్చింది. ఊరంతా మీరే తిప్పి చూపించారట," అంది వాడితో, తడుముకోకుండా తెలుగులో. "అప్పుడు ఈ రాజుగారు పెళ్లే వద్దన్న బ్రహ్మచారి అని చెప్పారట."

వాడు తలెత్తి గడియారం వైపు ఒకసారి చూశాడు.

"మీ అక్క వెళ్లాకే, ఇంట్లోవాళ్లు పట్టుబట్టి ఒప్పించారు."