విత్తనాల కొట్టు గొంతు

"చెప్పండి సార్!"

మారెన్ ఠక్కున ఫోను పెట్టేసింది.

మళ్లీ సారే!

మగపేరు వదిలేసి మారెన్‌గా బతకడం మొదలెట్టాక, ఎదురుపడ్డ వాళ్లంతా ఆమెను మేడమ్ అనే పిలుస్తున్నారు. ఫోను మాత్రం ఒప్పుకోవడం లేదు. చలికాలం మొదలైనప్పటి నుంచి గొంతు సాధన ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది.

ముఖం చూడని మనిషి మేడమ్ అంటేనే గెలిచినట్టు. అందుకే ఆమెలాంటి వాళ్లు కొట్లకు ఫోన్లు చేసి గొంతు పరీక్షించుకుంటారు. మారెన్ తానుండే కెనడా నగరం సస్కటూన్‌లోనే ఓ విత్తనాల కొట్టును పట్టుకుంది. రోజూ ఏదో ఒకదాని ధర అడిగేది. ఫోనెత్తే ముసలాయన రోజూ సార్ అనేవాడు.

ఇంకొక్కసారి చూసి సాధన మానేద్దామనుకుంది. మర్నాడు గొంతు మరికాస్త పైకెత్తి, "టమాటా విత్తనాలున్నాయా?" అంది.

అవతలి బొంగురు గొంతు ఈసారి ఎదురు ప్రశ్న వేసింది.

"రోజూ అడుగుతావు, ఒక్క గింజా కొనవు. గొంతు సాధన చేస్తున్నావు కదూ?"

మారెన్‌కి తల కొట్టేసినట్టయింది.

"సార్ అన్నందుకు ఏమనుకోకమ్మాయ్. శ్రుతి చాలు, ఇంక పెంచకు. పీక నొక్కేస్తున్నావు. కాస్త వదులుగా మాట్లాడు."

"ఆడగొంతు సంగతి మీకేం తెలుసు సార్? మీ గొంతు మీరెప్పుడైనా విన్నారా? రంపం కోతలా ఉంది!"



"నిజమేలే," అంది అవతలి గొంతు. "ఇంతకీ టమాటాలు పెరట్లోకా, కుండీల్లోకా?"

"బాల్కనీలోకి. పోయినేడు కాసినవన్నీ ఉడతలు తినేశాయి."

"ఎన్నో అంతస్తు?"

"ఐదు."

"అబ్బో! లిఫ్టెక్కి వచ్చాయా?"

మారెన్ పక్కున నవ్వింది. నవ్వుతూనే ఏదో అంది. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

"అదీ! నవ్వు ఆగకముందే మాట అందుకో. నీ గొంతు అక్కడుంది."

ఆ తర్వాత ధరలు అడగడం మానేసి, ఆయనతో కబుర్లే చెప్పింది. గొంతు కుదిరేకొద్దీ ఫోన్లు తగ్గాయి.

మంచు కరిగాక ఓ రోజు, అడ్రసు కోసం ఫోన్ చేసిన పార్సిలాయన, "వచ్చేస్తున్నా మేడమ్," అన్నాడు.

మారెన్‌కి కాళ్లు నేల మీద నిలవలేదు. రూబార్బ్ కాడలతో పై అనే తీపి వంటకం చేసుకుని నేరుగా విత్తనాల కొట్టుకు వెళ్లింది. గల్లా దగ్గర ఓ నడివయసావిడ ఉంది.

"ఫోనెత్తే పెద్దాయన ఉన్నారా? నాకు ఎంతో మేలు చేశారు. ఓ మాట తూలాను, క్షమాపణ కూడా చెప్పుకోవాలి."

"పెద్దాయనా?"

ఆవిడ మారెన్ చేతిలోని పళ్లెం వైపు చూసి, కళ్లు తుడుచుకుంది.

"ఇక్కడ మగవాళ్లెవరూ లేరండీ. ఫోనెత్తేది మా అమ్మ. కిందటి వారమే పోయింది. గొంతు క్యాన్సర్‌కి ఆపరేషనయ్యాక మాట్లాడటం మళ్లీ మొదట్నుంచి నేర్చుకుంది. ఫోన్లో ఎవరు సార్ అన్నా దిద్దేది కాదు, ఇంటికొచ్చి ఏడ్చేది."