సిఫారసు చేసిన పుస్తకం

“ఆ పుస్తకం అట్ల పెట్టు నల్లప్పా. కులం సర్టిఫికెట్ తెచ్చినావా?” అన్నాడు హెడ్మాస్టరు జయచంద్ర.

పుస్తకం బల్ల మీద పెట్టబోయిన నల్లప్ప ఆగిపోయాడు. పుంగనూరులో తన కూతురు చదివే స్కూలు నుంచి, పెద్దసారు నీ కథల పుస్తకం తెమ్మంటున్నాడని కబురొస్తే, లైన్‌మన్ డ్యూటీకి సెలవు పెట్టి మరీ వచ్చాడు. పుస్తకాన్ని నలగకుండా పేపర్లో చుట్టి తెచ్చాడు. కథలు రాసినవాడిని సర్టిఫికెట్ అడుగుతారని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

సంగతి జయచంద్రే చెప్పాడు. అన్ని కులాల, అన్ని మతాల రచయితలనూ పిల్లల చేత చదివించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. లైబ్రరీ తరఫున పదిమందిని సిఫారసు చేస్తూ సాయంత్రంలోగా జాబితా పంపాలి. తొమ్మిదిమంది కుదిరారు. ఎస్సీ రచయిత ఒక్కడు తక్కువ.

లైబ్రరీ చూసే ఆబిదా టీచరు పక్కనే నిలబడి ఉంది. పోయినేడాది ఇదే పుస్తకం చదివి, చాలా బాగుంది, పిల్లలకు ఇద్దామని ఆమె రాసిస్తే, ఊరి భాషలో కథలేమిటి, పిల్లల తెలుగు చెడిపోతుందని కొట్టేసింది ఈ జయచంద్రే. ఏడాదిలో ఆ భాష ఎట్లా బాగుపడిందో ఆయన్నే అడగాలి.

“కథలు సదివినారా సార్?” అన్నాడు నల్లప్ప.

“సదివేదానికి టైమేదప్పా? ఐదు గంటలకు కవరు పోవల్ల. నువ్వు ఆ కులమోడివేనని రుజువు లేకుంటే వాళ్లు ఒప్పుకోరు.”

నల్లప్పకు సంగతి అర్థమైంది. తనను పిలిచింది రాసినందుకు కాదు, పుట్టినందుకు. పుస్తకం చంకన పెట్టుకుని బయటికి నడిచాడు.

వరండాలో కూతురు ప్రసన్నలక్ష్మి ఎదురొచ్చింది. ఎనిమిదో తరగతి.

“నాయనా, నీ పుస్తకం మా లైబ్రరీలో పెడతాండారంట గదా. మా క్లాసులో అందరికీ చెప్పేసినా,” అంది.

ఆ మాటతో అతని రోషమంతా నీరుగారిపోయింది. పోనీలే, ఏ గుమ్మంలోంచి వెళితేనేం, పుస్తకం పిల్లల చేతికి చేరితే చాలనుకున్నాడు. రామసముద్రం బస్సెక్కి ఇంటికెళ్లి, ట్రంకుపెట్టె అడుగు నుంచి సర్టిఫికెట్ తీశాడు. తిరుగు బస్సు దొరక్క టమేటాల లారీ ఆపి, నాలుగున్నరకు మళ్లీ స్కూల్లో పడ్డాడు. పొద్దున తిన్న సంగటే, మధ్యలో మంచినీళ్లు కూడా తాగలేదు.

జయచంద్ర సర్టిఫికెట్‌ను వెలుతురుకు ఎత్తి పట్టి సీలు చూశాడు. తృప్తిగా తలాడించాడు. జాబితాలో నల్లప్ప పేరు రాశాడు, కులం రాశాడు. సర్టిఫికెట్ నంబరు రాసి రెండుసార్లు సరిచూసుకున్నాడు. కింద సంతకం పెట్టి, స్టాంపు కొట్టాడు. ఆబిదా టీచరు కిటికీ వైపు తిరిగి నిలబడింది.

“మంచిదప్పా. ఇంక నువ్వు పోవచ్చు.”

నల్లప్ప పేపరు విప్పి, పుస్తకాన్ని రెండు చేతులతో బల్ల మీద పెట్టాడు.

“పుస్తకం పేరు రాయలేదు సార్,” అన్నాడు మెల్లగా.

జయచంద్ర జాబితాను పైనుంచి కిందిదాకా ఒకసారి చూశాడు. ఆ తరువాత పుస్తకాన్ని అతని వైపే జరిపాడు.

“ఇది నువ్వే ఎత్తుకోని పో నల్లప్పా. ఈ కాగితంలో పుస్తకానికి గడి లేదు.”