సీసాలో తరుగు

ఎనిమిదో ఎలుక కూడా నేరుగా బాతీర్ ఉన్న మూలకే నడిచింది.

పరిశోధక విద్యార్థిని కురలై గాజుపెట్టె మీదికి వంగి చూస్తోంది. బాతీర్ అంటే కజక్ భాషలో వీరుడు. ఆ పెట్టెను ఏలుతున్న బలిసిన మగ ఎలుకకు ఓరల్బెక్ పెట్టిన పేరది. ముప్పై ఏళ్లుగా ఆ ప్రయోగశాలలో ఎలుకల్ని సాకుతున్నది ఆయనే. పెద్దరికానికి కురలై ఆయన్ని ఆగాయ్ అంటుంది. మామూలు ఎలుకైతే బాతీర్ వాసన తగలగానే గోడకు అతుక్కుపోతుంది. ఇది మాత్రం దాని ముక్కుదాకా వెళ్లి నిలబడింది. మొదటి కాటు పడ్డాక కూడా వెనక్కి తగ్గలేదు.

"పలక వెయ్యండి ఆగాయ్!" అంది కురలై.

ఓరల్బెక్ రేకు పలక దించి రెండింటినీ విడదీసేసరికే ఆలస్యమైపోయింది. చిన్న ఎలుక మెడ వాల్చేసింది. కురలై గడియారం చూసి టైము రాసుకుంది.

"రాయడానికి చెయ్యెలా వస్తోంది తల్లీ నీకు? మొన్నమొన్నటిదాకా కళ్లు మూసుకునేదానివి."

"అలవాటైపోయింది ఆగాయ్. మీకు కాలేదా?"

"ముప్పై ఏళ్లయింది. ఇంకా కాలేదు." చచ్చినదాన్ని ఆయన గుడ్డలో చుట్టాడు. "ఎనిమిది పోయాయి. ఇక చాలని మీ అపాయ్‌కి చెప్పరాదూ?"

అపాయ్ అని వాళ్లు గౌరవంగా పిలిచేది ఆ ప్రయోగశాల పెద్ద రౌజాను. మందు ఆవిడదే. మెదడులో భయం పుట్టించే కణాల మీద తాళంకప్పల్లాంటి గ్రాహకాలుంటాయి. ప్రమాదం కబురు ఆ తాళం తెరుచుకుని లోపలికి వెళితేనే గుండె దడదడలాడుతుంది, కాళ్లు పరుగందుకుంటాయి. రౌజా మందు ఆ తాళంలో విరిగిన తాళంచెవిలా ఇరుక్కుంటుంది. కబురు గుమ్మం దాటదు. తాగే నీళ్లలో నాలుగు చుక్కలు చాలు. పది ఎలుకలతో మొదలుపెట్టారు. మూడు వారాలు అవి రాజుల్లా తిరిగాయి. నాలుగో వారం దాటాక ఇలా ఒకటొకటే చావుకి ఎదురెళ్లడం మొదలైంది.

మిగిలిన రెండింటికి నీళ్లు మార్చడానికి కురలై ఫ్రిజ్ తెరిచింది. మందు సీసా తీసి వెలుతురుకు పెట్టి చూసింది.

"ఆగాయ్, ఇటు రండి. పది ఎలుకలున్నప్పుడు సీసా నెల వచ్చింది. ఈ నెలలో ఇది మూడోది, ఇదీ పదిరోజులకే అడుగంటింది."

ఓరల్బెక్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేను ముట్టుకోలేదు. నా మనవరాలి మీద ఒట్టు."

"మిమ్మల్ని ఎవరన్నారు?"

ఆయన తలుపు మూసి వచ్చి గొంతు తగ్గించాడు. "ఎలుక ఇంత తాగదు తల్లీ. ఎవరో మనిషి తాగుతున్నారు. ఫ్రిజ్ తాళంచెవులు మూడే. నీదొకటి, నాదొకటి..."

"అపాయ్‌ది ఒకటి."

"ఈమధ్య ఆవిణ్ణి చూశావా? ప్రయోగం ఆపమన్నందుకు డైరెక్టర్ ముందు బల్ల గుద్దింది. ఆయన ముందు నిలబడాలంటే మనందరికీ కాళ్లు వణుకుతాయి!"

కురలైకి మంగళవారం గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నం భూమి కదిలి అల్మాటీ నగరమంతా వీధుల్లోకొచ్చి పడింది. ఓరల్బెక్ బూట్లు కూడా తొడుక్కోకుండా మంచులోకి పరిగెత్తాడు. ఎలుకలేం చేస్తాయో చూద్దామని ఆమె బోనుల దగ్గరే ఉండిపోయింది. పైకప్పు నుంచి సున్నం రాలుతుంటే తలెత్తి చూసింది. గుమ్మం పట్టుకుని రౌజా నిలబడి ఉంది. పారిపోలేదు. కన్నార్పకుండా ఇటే చూస్తోంది.

"అయితే అపాయే," అంది కురలై. "నాలుగో వారం దాటితే ఆవిడా ఈ ఎలుకల్లాగే అయిపోతుంది. ఇప్పుడే వెళ్లి అడుగుతాను."

"పిచ్చిదానా! ఆవిడ ఒక్క సంతకం ఆపితే నీ ఆరేళ్ల చదువు బూడిదే. పేరు లేకుండా కాగితం రాసి డైరెక్టర్ తలుపు కింద తోసెయ్."

కురలై అప్పటికే వరండాలో ఉంది.

రౌజా కిటికీ దగ్గర కూర్చుని ఏదో రాసుకుంటోంది. కురలైని చూసి పుస్తకం మూసింది.

"రా, కూర్చో. ముందు గొంతు తడుపుకో."

రోజూలాగే పియాలాలో సగానికి టీ పోసి, పాలు కలిపి ఇచ్చింది. కురలై గటగటా తాగి పియాలా కింద పెట్టింది.

"సీసాలో మందు తరిగిపోతోంది అపాయ్. మీరు తాగుతున్నారా?"

రౌజా సత్తువ లేని నవ్వొకటి నవ్వింది.

"నాకంత అదృష్టమా! మంగళవారం ఎందుకు పరిగెత్తలేదనుకున్నావు? కాళ్లు చచ్చుబడిపోయాయి. డైరెక్టర్ గదిలోంచి బయటికొచ్చి వాంతి చేసుకున్నాను. ఇదిగో చూడు." చాచిన ఆమె చేతులు వణుకుతున్నాయి.

"మరి ఆయనతో ఎందుకు గొడవపడ్డారు?"

"ఇంకొక్క వారం కోసం. ఎలుకల మీద పనిచేసింది మనుషుల మీద చూడాలంటే అనుమతులకే పదేళ్లు. నాకు అరవై నాలుగు. జీవితమంతా ధారపోసి ఈ మందు చేశాను కురలై."

కురలై కుర్చీ ముందుకు లాక్కుంది.

"అంటే ఎవరికో ఇస్తున్నారన్నమాట. వాళ్లకు తెలుసా?"

"తెలియదు."

"ఎన్నో వారం?"

"నాలుగు."

"ఎంత ఘోరం చేశారు! ఆ మనిషికేమైనా అయితే మిమ్మల్ని నేనే పోలీసుల దగ్గరికి లాక్కెళతాను. చెప్పండి, ఎవరికిస్తున్నారు?"

రౌజా గడియారం చూసింది. పుస్తకం తెరిచి ఒక వాక్యం రాసి, కలం పక్కన పెట్టింది. ఆవిడ కళ్లలో నీళ్లు నిండాయి.

"కిందటి నెలైతే, ఈ మాట అడగడానికి నీకు నోరు పెగిలేది కాదు."