గేటు స్తంభం వేగం

"అంటే, స్తంభమే తన దారిన తాను నడుచుకుంటూ వచ్చి కారుని గుద్దిందంటావ్! చెప్పడానికి నీకు లేకపోయినా, వినడానికి మాకు సిగ్గేస్తోంది నాన్నా!" కూతురి గొంతు మళ్లీ పైకి లేచింది.

కారు ఆమెది. హెడ్‌లైటు పగిలింది. బంపర్ మూతి ముడుచుకుంది. కొన్నరోజే ఆమె ఇంటిల్లిపాదికీ చెప్పేసింది, బండికి సొట్ట పెట్టినవాళ్లు మళ్లీ స్టీరింగు ముట్టకూడదని.

భోజనాల బల్ల దగ్గర ఆయన గొంతు సవరించుకున్నాడు. జీవితమంతా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పినవాడు. అబద్ధమాడటం చేతకాదు. పాఠం చెప్పడం ఒక్కటే వచ్చు.

"కారులో కూర్చున్నవాడికి కారు కదలదమ్మా. స్తంభమే మీదికొస్తుంది. దాన్నే సాపేక్ష చలనం అంటారు."

"ఎంత స్పీడులో వచ్చిందో?"

"అసలు వేగం అనంతం అనుకో. కారు ఒకే క్షణంలో గేటు లోపలా ఉంటుంది, బయటా ఉంటుంది. అన్నిచోట్లా ఉన్నదాన్ని పట్టుకుని కదిలిందని ఎలా అంటాం? ఇక తప్పెవరిదని చెప్తాం?"

అల్లుడు వినయంగా చెయ్యెత్తాడు. "అలాగైతే మామయ్యగారూ, ముందు బంపరూ వెనక బంపరూ రెండూ పోవాలి కదండీ?"

కూతురు నవ్వు ఆపుకుంది. ఆయనకూ నవ్వొచ్చింది. ఇన్నేళ్ల సర్వీసులో ఇంత చెత్త పాఠం ఎప్పుడూ చెప్పలేదు. పరీక్షలో ఎవడైనా ఇలా రాసి ఉంటే సున్నా చుట్టి, కింద ఇంకో సున్నా చుట్టేవాడు.

"పాఠం చాలుగానీ, చల్లారిపోతోంది, తినండి," అంది భార్య, ఆయన వైపు చూడకుండా.

"నువ్వాయన్ని వెనకేసుకు రాకమ్మా! చెప్పు నాన్నా, రూలు రూలేనా, కాదా?"

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. ఏదో అనబోయింది. ఆయన కనిపించీ కనిపించనట్టు తల అడ్డంగా ఊపి, జేబులోంచి తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"రూలు రూలే. ఇవాళ్టినుంచి నేను స్టీరింగు ముట్టను," అన్నాడు మెల్లగా, అందరికీ వినపడేలా. "ఎక్కడికైనా మీ అమ్మే తీసుకెళ్తుంది. నిన్నగాక మొన్న లైసెన్సు తెచ్చుకున్నదైనా, నాకంటే నయంగా నడుపుతుంది."

కూతురు తాళాలు తీసి తల్లి చేతిలో పెట్టింది.

పొద్దున గేటు దగ్గర స్టీరింగు పట్టుకున్నది ఆవిడే. పక్కసీట్లో కూర్చుని "పోనీ, పోనీ, బోలెడు చోటుంది" అన్నది మాత్రం ఆయన.