వెనక్కి చాచిన చెయ్యి

లోపల ఏ బాధ ఉన్నా పైకి నవ్వుమొహమే చూపించే ముసుగులు అందరూ వేసుకుంటున్న రోజులవి. దేవుడి గదిలోకి వెళ్లేటప్పుడు మాత్రం వాటిని చెప్పుల్లా గడప బయట విడిచేవారు. కూతురు వకుళ జ్వరంతో పోయాక తాయారు అక్కడ కూడా ముసుగు తియ్యడం మానేసింది.

"దేవుడి ముందైనా తియ్యవా?" అన్నాడు భర్త రంగాచారి.

"ఆయనకి నా మొహం చూపించాలని లేదండీ."

రంగాచారి కామిక్ పుస్తకాలకు బొమ్మలు వేస్తాడు. అతని వీరుడికి ఎప్పుడూ ముసుగే కాబట్టి, ఏడుపయినా కోపమయినా భుజాల్లోనో చేతుల్లోనో చూపించాలి. ఆ సాయంత్రం తాయారు దీపం పెడుతుంటే చూశాడు. కుడిచేత్తో వత్తి వెలిగిస్తూ, వకుళ ఉన్నప్పటిలాగే, పిల్ల మంట దగ్గరికి రాకుండా ఎడమచేతిని వెనక్కి, కిందికి చాచింది.

మర్నాడు అదే గీశాడు. మంట ముందు ముసుగు వీరుడు, వెనక్కి చాచిన చెయ్యి, ఆ చేతి వెనక ఎవరూ లేరు.

తాయారు ఆ బొమ్మను చాలాసేపు చూసింది. ఆమె మొహం మీది ముసుగు నవ్వుతూనే ఉంది.

"నేనింకా ఇలా చేస్తున్నానా?"

"నిన్న చూశాను."

"ఆయనా చూసే ఉంటాడంటారా?"

తాయారు ముసుగు తీసి గడప పక్కన పెట్టింది. లోపలికి వెళ్లి, ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుని దేవుడి ఎదురుగా కూర్చుంది.