ఖాళీ గళ్ళు

"ఈ ఇంట్లో ఒకాయన ఉన్నారు. ఉద్యోగం మానేసినా ఆయనలో మేష్టారు మానలేదు. పేపరుకి ఎర్ర సిరాతో మార్కులు వేస్తారు. టీవీవాళ్ళ చేత గుంజీళ్ళు తీయిస్తారు. కంప్యూటర్‌కి గోడకుర్చీ వేయిస్తారు. నెత్తిన ఆయన ఒక్కరూ చాలరని, ఇప్పుడు కోడలు కూడానా!"

సైరాగుల్ గొంతు కొచ్కోర్ ఊరి బజారు దాకా వినిపించేలా ఉంది. ఆ 'ఒకాయన', అంటే ఆమె భర్త కాసిమ్‌బెక్, కిటికీ పక్కన కూర్చుని నూనెలో వేయించిన బోర్సోక్ ముక్కని మీగడలో ముంచుకుంటున్నారు. ఆవిడ తిట్లను ఆయన పలకరింపుల ఖాతాలో వేసుకుని చాలా కాలమైంది.

గది నిండా ఆడవాళ్ళు. అందరూ ఉన్ని తివాచీలు కుట్టేవాళ్ళే. మధ్యలో బల్లమీద కాసిమ్‌బెక్ కంప్యూటర్. అందులో, వాళ్ళ తివాచీలు అమ్మడానికి కోడలు బెగాయిమ్ కొత్తగా తయారుచేసిన వెబ్‌సైట్. ఒక్కొక్కరి పేరు పక్కన, ఆమె తివాచీ మూల మీద కుట్టుకునే సొంత గుర్తు ఉండాలి.

పేర్లున్నాయి. గుర్తులు లేవు. వాటి చోట చిన్న చిన్న ఖాళీ గళ్ళు.

"చూడండమ్మా! తుర్సునాయ్, నీ కాకి గోరేదీ? జుమగుల్, నీ పొట్టేలు కొమ్మేదీ? నిన్న సైట్ పెట్టగానే చూశాను. నాకప్పుడే అర్థమైపోయింది" అంది సైరాగుల్.

"ఏమర్థమైంది అత్తయ్యా?" అంది కేటిల్‌తో అందరికీ చాయ్ పోస్తున్న బెగాయిమ్.

"నువ్వే చెప్పు. రాజధాని బిష్కెక్ నుంచి వచ్చిన ఆ మెలిస్ గడపగడపకీ తిరిగాడా లేదా? మీ గుర్తులు నాకమ్మండి, మా ఫ్యాక్టరీ తివాచీల మీద అచ్చేసుకుంటానన్నాడా లేదా?"

"మేమెవరం ఒప్పుకోలేదుగా. మిషను మీద గుట్టలుగా గుద్ది పారేస్తే, ఇక మనం చేత్తో కుట్టింది కొనేదెవరు?" అంది జుమగుల్.

"అదే నేనూ అంటున్నది. మరి మొన్న బజార్లో ఈ అమ్మాయి అతగాడితో నిలబడి మాట్లాడిందిగా!"

"కుదరదని చెప్పడానికే మాట్లాడాను అత్తయ్యా."

తుర్సునాయ్ గొంతు తగ్గించింది. "ఏమోనమ్మా. ఇన్నాళ్ళూ ముఖం మాడ్చుకుని తిరిగినవాడు, పొద్దున్నే మా ఇంటి ముందునుంచే కారులో వెళ్ళాడు. పెళ్ళికొడుకులా నవ్వుకుంటూ పోయాడు."

అందరి చూపులూ బెగాయిమ్ మీదికి తిరిగాయి. ఆమె కంగారుగా తన ఫోన్ తీసి అదే సైట్ చూపించింది. అందులో కొమ్ములు, గోళ్ళు, నెలవంకలు అన్నీ చక్కగా ఉన్నాయి.

చూపించకుండా ఉన్నా బాగుండేది.

"ఓహో! నీ ఫోన్లో ఉన్నాయి, మా కళ్ళ ముందు లేవు. సరుకు నీ దగ్గర పెట్టుకుని మాకు ఖాళీ డబ్బాలు చూపిస్తున్నావా?" అంది సైరాగుల్. "కూతుర్లా చూసుకున్నాను కదే. ఎన్ని చేతుల కష్టం అది!"

ఆమె కోడలి చేతిలోని కేటిల్ లాక్కుంది. ఒక గిన్నెలో అంచుదాకా చాయ్ పోసి బెగాయిమ్ ముందు పెట్టింది. ఇంటి మనిషికి సగమే పోస్తారు. అంచుదాకా పోశారంటే, తాగి లేచి వెళ్ళమని.

బెగాయిమ్ కళ్ళు తుడుచుకుంది. చాయ్ ముట్టలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని సెట్టింగులు తెరిచింది. కిందికీ పైకీ వెతికి, ఒకచోట ఆగిపోయింది.

"ఇవి బొమ్మలు కావు. మీ గుర్తుల్ని నేను అక్షరాల్లాగా తయారుచేశాను. సైట్ తన అక్షరాలు తనే వెంట తెచ్చుకుంటుంది. ఈ కంప్యూటర్లో మాత్రం, బయటి అక్షరాలేవీ లోపలికి రాకూడదని పెట్టి ఉంది. అందుకే ఖాళీ గళ్ళు."

"ఎవరు పెట్టారు?"

బెగాయిమ్ తల దించుకుంది.

"ఎవరే?"

"పెద్దవాళ్ళు."

తుర్సునాయ్ పకపకా నవ్వింది. "అడక్కు, చెప్పదు. కోడలి నోట రాకూడని పేరన్నమాట!"

తలలన్నీ కిటికీ వైపు తిరిగాయి. కాసిమ్‌బెక్ తాపీగా మూతి తుడుచుకున్నారు.

"నేనే పెట్టాను. అయితే ఏం? రష్యన్‌లో లేని మన కిర్గీజ్ అక్షరాలు మూడున్నాయి. ప్రతి సైటువాడూ వాటిని వంకరటింకరగా వేస్తున్నాడు. ఎవడి అక్షరాలూ నాకొద్దు, అన్నీ నేను ఎంచుకున్న అక్షరాల్లోనే రావాలన్నాను. ఇందులో నా తప్పేముంది?"

"ఏమీ లేదు మేష్టారూ, కొంపలంటించారంతే!" అంది జుమగుల్.

బెగాయిమ్ ఒక్క గడిలో టిక్కు పెట్టి పేజీ మళ్ళీ తెరిచింది. ఖాళీ గళ్ళు మాయమయ్యాయి. కాకి గోరు వచ్చింది, పొట్టేలు కొమ్ము వచ్చింది. ఆడవాళ్ళంతా ఒక్కసారి అరిచారు. తుర్సునాయ్ తెరమీద తన గుర్తును వేలితో నిమిరింది. జుమగుల్ ఆ నిండు గిన్నె తీసి కిటికీలోంచి పారబోసి, సగం చాయ్ పోసి బెగాయిమ్ చేతికిచ్చింది.

సైరాగుల్ మాత్రం దగ్గరికి రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"రండత్తయ్యా, మీ నెలవంక చూడండి. పెద్దవారని అన్నిటికంటే పైన పెట్టాను."

"తప్పు చేశానే తల్లీ" అంది సైరాగుల్. "నువ్వెలాగూ అమ్మేశావు కదా, ఆ డబ్బేదో నీ ఒక్కదానికే ఎందుకు దక్కాలని, నిన్న సాయంత్రం నేనే వెళ్ళి మనందరి గుర్తుల అచ్చులూ మెలిస్ చేతిలో పెట్టొచ్చాను."